జలపాతానికీ షిఫ్టులే

పెళ్లిచూపుల్లో "అబ్బాయి అమెరికాలో సెటిలయ్యాడండీ" అంటారు. ఆ మాటను కాస్త విప్పి చూద్దాం. వీసా 3 ఏళ్లది, దయతలిస్తే మరో 3 ఏళ్లు. ఇంటి అప్పు 30 ఏళ్లది. గ్రీన్‌కార్డు వరసలో ఏ దేశమూ 7 శాతం దాటకూడదు. నూట నలభై కోట్ల మనకూ, నాలుగు లక్షల ఐస్‌లాండుకూ ఒకటే గీత. ఉద్యోగం పోయిందా, 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. మన ఊళ్లో అద్దెకున్నవాడు కూడా ఇంతకంటే ధీమాగా గోడకు మేకు కొడతాడు.

అలా సెటిలైనవాడు మే నెలాఖరు లాంగ్ వీకెండుకి నయాగరా బయల్దేరతాడు. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి దాదాపు 400 మైళ్లు, ఏడు గంటల పైమాటే. డిక్కీలో రేకు ట్రేల నిండా పులిహోర, ఐస్ డబ్బాలో పెరుగన్నం, రైస్ కుక్కరు, హోటల్ గదిలో పొగ అలారానికి తొడగడానికి షవర్ క్యాపు. కౌంటర్లో చెప్పేది ఇద్దరి పేర్లు. గదిలో దొర్లేది ఎనిమిది మంది.

ఇతగాడు మాచర్లలో పుట్టాడు. పక్కనే ఉన్న ఎత్తిపోతల జలపాతం మొహం ఏనాడూ చూళ్లేదు. చూసి ఏం లాభం, స్టేటస్ పెడితే మాచర్లవాళ్లే నవ్వుతారు. నయాగరా ఫోటో అలా కాదు, తోడల్లుడికి నిద్ర పట్టనివ్వదు.

తీరా వెళ్తే, గుర్రపునాడా జలపాతం మొహం కెనడా వైపు. మనం నిలబడేది దాని పక్కటెముకల దగ్గర. ఎదురుగా రెయిన్‌బో వంతెన, నడిచి దాటొచ్చు. దాటాలంటే కెనడా వీసా కావాలి. తిరిగి రావాలంటే పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు చూసుకోవాలి, లాయరుకు మెయిలు కొట్టాలి. ఎందుకొచ్చిన గొడవని నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని పడవెక్కుతారు. అవతలి పడవలో ఎర్ర తొడుగులవాళ్లు. ఒకే తుంపర, రెండు దేశాలు. మనవాడు మాత్రం నీళ్లకు వీపు తిప్పి, సెల్ఫీలో తన మొహం వెనక నీళ్లు పడ్డాయో లేదో చూసుకుంటాడు.

ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలకు ఇది మూడో మొక్కు. లిబర్టీ బొమ్మ అయింది, వైట్‌హౌస్ గేటు అయింది. దారిలో లేకపోయినా పిట్స్‌బర్గ్ వెంకన్న మిగిలే ఉన్నాడు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని, "ఇన్ని నీళ్లు ఊరికే పోతున్నాయేరా!" అంది.

ఊరికే పోవడం లేదమ్మా. నీళ్ల తగాదాలో నాగార్జునసాగర్ గట్టు మీద ముళ్లకంచెలు వేసుకున్న మనకు నమ్మకం కుదరదు గానీ, ఈ నీళ్లకు అమెరికా, కెనడా 1950లోనే ఒప్పందం రాసుకున్నాయి. యాత్రికులొచ్చే కాలంలో పగటిపూట సెకనుకు కనీసం లక్ష ఘనపుటడుగులు దూకాలి. రాత్రుళ్లూ చలికాలమూ అందులో సగం చాలు. మిగతాది సొరంగాల్లోంచి కరెంటు తయారీకి. మే నెలలోనైతే పగలు డ్యూటీ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా. అంటే మనం నోరు తెరిచి చూసేది కూడా షిఫ్టులో ఉన్న జలపాతాన్నే. దానికి నయం, వేళకు దిగిపోతుంది. వీసా గొడవ లేదు.

ఆదివారం రాత్రి పది. రంగుల దీపాలు ఇంకా వెలుగుతున్నాయి, నీళ్లు మాత్రం సన్నబడటం మొదలైంది. గదిలో ఏడుగురు నిద్రపోతున్నారు. ఇండియాలో సోమవారం తెల్లారింది. మన సెటిలైనవాడు బాత్రూములో కమోడు మూత మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, గొంతు తగ్గించి అడుగుతున్నాడు:

"నా స్క్రీన్ కనిపిస్తోందా?"