931 జీబీ ఖాళీ, అయినా జాగా లేదట!

విండోస్ 11తో కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఒకసారి కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూడండి. ఒక మూల ‘బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)’ అని ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. 2009లో విండోస్ 7తో పాటు కొలువులోకి వచ్చినవాడు. ‘డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీసుకోవాలంటే ఇక బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్ చూసుకోండి’ అని 2017లోనే మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. చెప్పిందేగానీ కుర్చీ తీయలేదు. కుర్చీ ఉంది కాబట్టి ఆయనా లేవలేదు. బ్రాకెట్లో పాత హోదా తగిలించుకుని ఇప్పటికీ దరఖాస్తులు తీసుకుంటూనే ఉన్నాడు. పని చేస్తాడా అంటే, చేస్తాడు. బుద్ధి పుడితే.

మా పక్కింటి లెక్కల మాస్టారు సరిగ్గా ఆయన కౌంటరు దగ్గరే నిలబడ్డారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోతుందని పేపర్లో చదివినప్పటి నుంచి మాస్టారికి కంటి మీద కునుకు లేదు. ఆయన కంప్యూటర్ కూడా విండోస్ 10దే, అందులో ఆయన ఆత్మకథ ఉంది. (ఉన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. చదివి వినిపించిన రోజు ఇంట్లో దొరికిపోయినవాళ్లకు ఎంత ఉందో కూడా తెలుసు.) డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు ఫోన్లో ధైర్యం చెప్పాడు.

“మామయ్యా, 11కి మారేముందు సిస్టమ్ ఇమేజ్ తీసి పెట్టుకోండి. రెండు క్లిక్కులు, అంతే.”

ఇమేజ్ అంటే ఫైళ్ల నకలు ఒక్కటే కాదు. విండోస్, దాని సెట్టింగులు, ప్రోగ్రాములు, కంప్యూటర్ లేచి నిలబడడానికి కావలసిన కనపడని విభాగాలు, అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా మూటగట్టి ఇంకో డిస్క్ మీద పెట్టడం. పాత డిస్క్ పోతే కొత్తది బిగించి ఆ మూట విప్పుకుంటే నిన్నటి కంప్యూటరే మళ్లీ ఎదురుగా ఉంటుంది. వినడానికి బాగుంటుంది.

మాస్టారు ఒక టీబీ డిస్క్ కొన్నారు. తగిలిస్తే 931 జీబీ అని చూపించింది. తయారీదారు వెయ్యికి వెయ్యి చొప్పున లెక్క కడతాడు, విండోస్ 1024 చొప్పున కడుతుంది, ఆ తేడాలో మన జీబీలు కరిగిపోతాయి. లెక్కల మాస్టారు గనుక దీన్ని అర్థం చేసుకున్నారు. క్షమించలేదు.

రెండు క్లిక్కులూ నొక్కారు. వచ్చిన జవాబు 0ఎక్స్80780119. తాత్పర్యం: తగినంత జాగా లేదు.

931 జీబీ డిస్క్ పెళ్లికి ముందు అద్దెకు తీసుకున్న హాలులా ఖాళీగా పడి ఉంది. సీ డ్రైవ్‌లో కూడా సగానికి పైగా ఖాళీయే. మరి జాగా ఎక్కడ లేదు? అది మాత్రం చెప్పరు. 500 ఎంబీ లోపు విభాగమైతే కనీసం 50 ఎంబీ ఖాళీ ఉండాలట, 500 దాటితే 320 ఎంబీ ఉండాలట, 1 జీబీ పైబడితే 1 జీబీ ఉంటే మంచిదట. ఈ నిబంధన ఎక్కించుకునే డిస్క్‌కూ ఎక్కే విభాగాలకూ వర్తిస్తుందట. ఇన్ని చెప్పిన మహానుభావుడు ఏ విభాగంలో తక్కువైందో ఒక్క ముక్క చెప్పడు. ‘జత చేయవలసిన పత్రములు జత చేయనందున తమరి దరఖాస్తు తిరస్కరించడమైనది’ అని తహసీల్దారు కార్యాలయం నుంచి వచ్చే కాగితం గుర్తుందా? ఏ పత్రమో రాస్తే మనం మళ్లీ వెళ్లి అడగం కదా. అడగకపోతే వాళ్లకు తోచొద్దూ?

అసలు దొంగ రికవరీ పార్టిషన్ అనే విభాగం. అర జీబీ అటూ ఇటూ ఉండే చిన్న గది. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనపడదు. కంప్యూటర్ పడిపోతే లేపే సామగ్రి అందులో ఉంటుంది, అప్‌డేట్లు వచ్చినకొద్దీ ఆ సామగ్రి ఒళ్లు చేస్తుంది. 2024 జనవరిలో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇదే గదిలో చోటు చాలక ఎంతోమంది కంప్యూటర్లలో బోర్లా పడింది. ‘ఆ పార్టిషన్‌ను మీరే ఇంకో 250 ఎంబీ పెంచుకోండి’ అని కంపెనీ సామాన్య ప్రజానీకానికి కమాండ్ల పట్టీ చేతికిచ్చింది. మాస్టారి కేసులో పార్టిషన్ 500 ఎంబీకి కాస్త పైన ఉంది. అంటే 320 ఎంబీ ఖాళీ చూపించాలి. ఉన్నది అందులో మూడో వంతు కూడా లేదు.

దీనికి అనుభవజ్ఞులు కనిపెట్టిన చిట్కా వింటే మన రెవెన్యూ శాఖ కూడా లేచి దండం పెడుతుంది. పార్టిషన్‌ను ఇంకాస్త కుదించి 500 లోపుకు తెచ్చేయడమే. అప్పుడు 50 ఎంబీ నిబంధన వర్తిస్తుంది, దరఖాస్తు పాసవుతుంది. జాగా చాలలేదన్నందుకు విరుగుడు జాగా తగ్గించడం. తెల్ల రేషన్ కార్డు కోసం ఆదాయాన్ని కిందికి రాయించే విద్య తెలిసిన జాతికి ఇది వేరే నేర్పాలా?

“సరే, కుదించేద్దాం” అన్నారు మాస్టారు ఉత్సాహంగా.

“ఆగండి మామయ్యా. డిస్క్‌పార్ట్ అని నల్లటి తెర వస్తుంది. అందులో ఒక్క అంకె తప్పు కొడితే డిస్క్ మొత్తం పోతుంది. అందుకని ముందు బ్యాకప్ తీసుకోండి.”

“ఒరేయ్, ఆ బ్యాకప్ తీసుకోవడానికే కదరా ఇంత రామాయణం!”

“అవుననుకోండి... కానీ ప్రొసీజర్ అదే.”

నిజానికి ఈ ముడికి విడుపు ఉంది. ముందు మన సొంత ఫైళ్లు, అంటే ఫొటోలూ కాగితాలూ, మామూలుగా కాపీ చేసి బయటి డిస్క్‌లో వేసుకుని, ఆ తర్వాత పార్టిషన్ల జోలికి వెళ్లడం. మాస్టారి ఆత్మకథ ఎంత పెద్దదైనా ఉత్త అక్షరాలే, తనకు తాను మెయిల్లో పంపుకున్నా పోయేది. నేనా మాట అన్నాను కూడా. ఆయన నన్ను ఎక్కాలు రాని పిల్లవాడిని చూసినట్టు చూశారు.

“కాపీ పేస్టా? అది బ్యాకప్ ఎలా అవుతుందోయ్? ఇమేజ్ అంటే ఒక పద్ధతి.”

పద్ధతి కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్లాం. కుర్రాడు కోడ్ చూడలేదు, డిస్క్ చూడలేదు, మాస్టారి ముఖం కూడా చూడలేదు. “అంకుల్, పరేషాన్ గాకుండ్రి. ఫార్మాట్ గొట్టేద్దాం” అన్నాడు. మన దేశంలో కంప్యూటర్‌కు వచ్చే సకల రోగాలకూ ఇదే కషాయం.

“మరి డేటా నాయనా?”

“డీ డ్రైవ్‌ల ఏస్త, సేఫ్ ఉంటది.”

ఈ డీ డ్రైవ్ సంగతి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి. సీ డ్రైవ్‌లో విండోస్ ఉంటుంది, అక్కడ ఏం పెట్టినా పోతుంది, డీ డ్రైవ్‌లో పెడితే చల్లగా ఉంటుంది: పాతికేళ్లుగా మన ఇళ్లలో కంప్యూటర్ ఓనమాలతో పాటు దిద్దించిన నమ్మకం ఇది. ఫార్మాట్ వరకూ అది నిజమే. కానీ చాలా ఇళ్లలో సీ, డీ రెండూ ఒకే డిస్క్ మీద గీసిన రెండు గీతలు. డిస్క్ కాలితే రెండూ ఒకే చితి మీద కాలతాయి. సీ డ్రైవ్ ఇమేజ్‌ను అదే డిస్క్‌లోని డీ డ్రైవ్‌లో పెట్టబోతే మన పెద్దాయన కూడా ఒక హెచ్చరిక చూపిస్తాడు: ఇది అదే డిస్క్ మీద ఉంది, డిస్క్ పాడైతే బ్యాకప్ కూడా పోతుంది అని. ఆయన సర్వీసు మొత్తంలో సూటిగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పిన మాట ఇదొక్కటే. జనం ‘నెక్స్ట్’ నొక్కేస్తారు.

పెన్‌డ్రైవ్ పెడితే పెద్దాయన ఇది చెల్లదంటాడు. బయటి డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో లేకపోతే తిప్పి పంపుతాడు. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి ఇమేజ్ అందులో పట్టే మాటే లేదు. మార్చడానికి ఫార్మాట్ చేస్తే అందులో ఉన్న పాత బ్యాకప్ పోతుంది.

కొందరికి సగం దూరం వెళ్లాక ‘ఐ/ఓ డివైస్ ఎర్రర్’ వస్తుంది. దీనికి తత్వశాస్త్రం అక్కర్లేదు. ముందు కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ వెనక పోర్టులో గుచ్చండి. లోపం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని వస్తే మాత్రం నవ్వులాట కాదు. రోజువారీ పనిలో విండోస్ తనకు కావలసిన ఫైళ్లే చదువుకుంటుంది. ఇమేజ్ తీసేటప్పుడు డేటా ఉన్న మూలలన్నీ తిరగేయాలి, అప్పుడు బయటపడుతుంది ఎక్కడో పుచ్చిపోయిన సెక్టారు. జనం ‘బ్యాకప్ పెట్టాకే డిస్క్ పాడైంది’ అంటారు. వెంటనే చెక్‌డిస్క్ పెట్టమని తలా ఒకరు చెబుతారు. ముందు డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు చూడాలి. డిస్క్ చావుబతుకుల్లో ఉంటే చెక్‌డిస్క్‌తో గంటల తరబడి పరుగులు పెట్టించకూడదు. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒకటుంది. బాగున్న భాగాలను ముందు దించుకుని, మొండికేసిన వాటి దగ్గరకు తర్వాత వస్తుంది. ఆ కాస్త ఇంగితం పెద్దాయనకు లేదు, మొదటి గోతి దగ్గరే బండి ఆపేస్తాడు.

ఇక షాడో కాపీ శాఖ. కంప్యూటర్ నడుస్తుండగానే, ఫైళ్లు తెరిచి ఉండగానే, అన్నిటినీ ఒక్క క్షణం దగ్గర నిలబెట్టి చూపించే సేవ ఇది, ఎక్స్‌పీ కాలం నాటిది. దీని కింద రైటర్లు అనే సిబ్బంది ఉంటారు. ప్రతి రైటరూ ‘నా సెక్షన్ సిద్ధం’ అని సంతకం పెడితేగానీ ఫైలు కదలదు. ఒక్కరు సీట్లో లేకపోయినా అంతే. ఎవరు లేరో తెలుసుకోవడానికి ‘వీఎస్‌ఎస్‌అడ్మిన్ లిస్ట్ రైటర్స్’ అని కొడితే హాజరు పట్టీ వస్తుంది. పేర్లు తెలిశాక ఏం చేయాలి? కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాలి. చాలాసార్లు అందరూ వచ్చి కూర్చుంటారు. రాకపోతే, రెండు మూడు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వేసుకున్నారేమో చూసుకోండి. ఒకరి ఫైలు మీద ఇంకొకరు కూర్చోవడం అక్కడ కూడా మామూలే.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెబుతాను: ఎర్రర్ ఇచ్చే బ్యాకప్ మంచిది. కనీసం లేదని చెబుతుంది. ‘విజయవంతంగా పూర్తయింది’ అనేదానితోనే భయం. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు అలసటలో ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా చెరిపేశాడు. ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. ఫర్వాలేదు, బ్యాకప్‌కు ఐదు ఏర్పాట్లున్నాయి కదా అని చూస్తే ఐదింట్లో ఒక్కటీ నమ్మదగ్గట్టు పనిచేయడం లేదు. బ్యాకప్ విఫలమైనప్పుడల్లా మెయిల్ రావాలి, ఆ మెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురవుతూ వచ్చాయి. ఎవరో వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసి ఉంచిన కాపీ ఒకటి దొరికి బతికిపోయారు. అయినా తమ తప్పులన్నీ వాళ్లే బయటపెట్టి రాశారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి.

మాస్టారు 0ఎక్స్80780119తో కుస్తీ పడుతున్న రోజుల్లోనే, 2025 సెప్టెంబరు 26న, దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టీబీ బూడిదైంది. బ్యాకప్ ఏదయ్యా అంటే లేదు. ఎందుకు లేదయ్యా అంటే, డేటా మరీ ఎక్కువైపోయిందట! మాస్టారు కొన్నలాంటి డిస్కులు ఒక వెయ్యి తెప్పించుకుంటే ఇంకా కొన్ని మిగిలేవి. సెమీకండక్టర్లతో ప్రపంచాన్ని ఆడించే దేశం కూడా చివరికి మన పెద్దాయన మాటే చెప్పింది: జాగా లేదు.

మాస్టారి పని ఆ వారంలో పూర్తయింది. మేనల్లుడు రిమోట్‌లో వచ్చి పార్టిషన్ కుదించాడు, ఇమేజ్ తయారైంది. వెంటనే పెద్దాయన ‘సిస్టమ్ రిపేర్ డిస్క్ చేసుకుంటారా? ఖాళీ సీడీ పెట్టండి’ అన్నాడు. సీడీ పెట్టే కంత ఆ కంప్యూటర్‌కు లేదు. రికవరీ యూఎస్‌బీ వేరేగా చేసుకున్నాం, అది లేకపోతే ఇమేజ్ ఉండీ దించుకునే దారి ఉండదు. బయటి డిస్క్‌లో ‘విండోస్‌ఇమేజ్‌బ్యాకప్’ అని ఫోల్డర్ వచ్చింది. మాస్టారు దానికి ‘ముట్టుకోవద్దు’ అని పేరు మార్చబోతే మేనల్లుడు అక్కణ్నుంచే కేక పెట్టాడు. పేరు మారితే పెద్దాయన దాన్ని గుర్తుపట్టడు.

“ఇది నిజంగా పనిచేస్తుందని ఎలా తెలుస్తుందిరా?”

“పూర్తిగా తెలియాలంటే ఇంకో డిస్క్ బిగించి దించి చూడాలి మామయ్యా. ఫైళ్లున్నాయో లేదో మాత్రం ఇప్పుడే చూడొచ్చు. లోపల వీహెచ్‌డీఎక్స్ అని ఉంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అటాచ్ చేస్తే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది.”

తెరిచాం. విండోస్ ఉంది. గడువు తీరిన యాంటీవైరస్ ఉంది. ఎప్పుడో డౌన్‌లోడ్ చేసిన పంచాంగాలు నాలుగేళ్లవి ఉన్నాయి. ఆత్మకథ లేదు. విండోస్ నడవడానికి అవసరమైన విభాగాలనే పెద్దాయన తనంతట తాను కలుపుకుంటాడు, మిగతావి మనం టిక్ పెడితేనే. మాస్టారు పెట్టలేదు.

నాకే గుండె గుభేలుమంది. ఆయన మాత్రం నిబ్బరంగా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“దానికేమవుతుందోయ్? అది డీ డ్రైవ్‌లో కదా ఉంది!”