తప్పు గ్రీకుకు తప్పు లేదు: సటీక తాత్పర్యం

మూలం

గ్రీకు తప్ప వేఱు కించిత్తు పలికిన
పెట్టెలోన నొక్క బిళ్ళ వేయి
పెట్టె నిండెనేని పెనువిందు సభకెల్ల
తప్పు గ్రీకుకేమొ తప్పు లేదు

అవతారిక

వెనిస్ నగరంలో 1500 దాటిన తొలి ఏళ్ళలో, ఆల్డస్ మనూషియస్ అనే అచ్చుయజమాని స్నేహితులతో కలిసి ఒక గ్రీకు సభ తలపెట్టాడు. దాని పేరు కొత్త అకాడమీ. పాతది ప్లేటోది, పోలిక ఆ స్థాయిలోనే పెట్టుకున్నారు. చేరేవారికి నియమాలు గ్రీకులోనే రాసి, ఒంటి కాగితం మీద అచ్చొత్తించారు. ఆ కాగితం ప్రతి ఒకటి వాటికన్ గ్రంథాలయంలో మిగిలింది. గ్రీకు మూలం వచనమే. దాని సారాన్ని ఆటవెలదిలోకి దింపిన పాపం నాది. గణాలు, యతులు సరిచూశాను; కవిత్వానికి హామీ లేదు.

ప్రతిపదార్థం

గ్రీకు తప్ప = ఒక్క గ్రీకును మినహాయించి; వేఱు = మరే భాషలోనైనా (ఇంటి భాషైన వెనిస్ మాటలోనే కాదు, పండితుల లాటిన్‌లోనైనా సరే); కించిత్తు = కొద్దిపాటి; పలికినన్ = పలికితే, కావాలని గాని, పరాకున గాని, నియమం మరిచి గాని, మరే కారణం చేత గాని; పెట్టెలోనన్ = జరిమానా సొమ్ము దాచే పెట్టెలో; ఒక్క బిళ్ళ = చిన్న వెండి నాణెం ఒకటి; వేయి = వేయుము; పెట్టె నిండెనేని = విందుకు చాలినంత చేరితే; పెనువిందు = గొప్ప భోజనం; సభకు ఎల్లన్ = తప్పు చేసినవాడికీ, చేయనివాడికీ; తప్పు గ్రీకుకు ఏమొ = వ్యాకరణం చెడిన గ్రీకుకైతే; తప్పు లేదు = జరిమానా లేదు. ఊరి పెద్దల ముందు ‘తప్పు కట్టాడు’ అంటామే, ఆ తప్పు ఇది.

‘వేయి’ని సంఖ్యగా తీసుకుని వెయ్యి బిళ్ళలని చెప్పేవారు ఉండవచ్చు. ‘ఒక్క’ అనే విశేషణం ఎదురుగా ఉండగా ఆ అర్థం పొసగదు.

టీక

పద్యానికి ప్రాణం ‘పరాకున’ అనే మాటలో ఉంది. అది పద్యంలో లేదు, గ్రీకు మూలంలో ఉంది. సభ కూడేది అచ్చుపని ఇంట్లో అనుకుందాం. సీసపు అక్షరాల పెట్టె చేయి జారి కాలి బొటనవేలి మీద పడిందనుకోండి. హోమరును కంఠస్థం చేసినవాడైనా ఆ క్షణాన గ్రీకులో ఏడవడు, అమ్మ నేర్పిన భాషలోనే ఏడుస్తాడు. బిళ్ళ వేయాల్సిందే. రేపిస్తాను, ఎల్లుండిస్తాను అంటే కుదరదు, అక్కడికక్కడే చెల్లించాలి.

ఇంత కరకుగా మొదలైన నియమం మరుక్షణమే మెత్తబడుతుంది. విభక్తి తప్పిందా, క్రియ అడ్డదిడ్డమైందా, ఫరవాలేదు. కావాలని చెడగొడితే తప్ప దండుగ లేదు. భాష మారితే తప్పు గాని, భాషలో తప్పితే తప్పు కాదు. నూరేళ్ళ వ్యాకరణ పాండిత్యం ఇచ్చే ధైర్యం కన్నా ఈ ఒక్క వాక్యం ఇచ్చే ధైర్యం ఎక్కువని టీకాకారుడి అభిప్రాయం.

అభిప్రాయానికి కారణం ఉంది. నేను చదివిన బడిలో మాస్టారి బల్ల మీద ఒక హార్లిక్స్ సీసా ఉండేది. తెలుగు మాట నోట వస్తే పావలా అందులో పడేది. ఇంగ్లీషు తప్పుగా మాట్లాడితే పావలా అక్కర్లేదు గాని క్లాసంతా నవ్వేది, దానికన్నా పావలాయే నయం. కనక తెలివైన పిల్లలం రెండూ మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం. సీసా రెండుసార్లు నిండడం నా కళ్ళతో చూశాను. ఆ డబ్బుతో ఒక్క పొట్లం బూందీ కూడా మాకు రాలేదు.

శంక: వెనిస్‌లోనూ మౌనంగా కూర్చుంటే డబ్బు మిగులుతుంది కదా?
సమాధానం: మిగులుతుంది. అందరూ అదే పని చేస్తే విందు మిగలదు.

శంక: మరి గ్రీకు మాతృభాష అయినవాడో? సభను తలపెట్టిన ముగ్గురిలో జాన్ గ్రెగోరోపులోస్ క్రీటు ద్వీపంవాడు. ఆయన కాలు మీద అక్షరాల పెట్టె పడినా గ్రీకులోనే అరుస్తాడు.
సమాధానం: నిజమే. ఆయన బిళ్ళ వేయడు, విందు తింటాడు. అతిథి అంటే ఆయనే. అన్నదాత మాత్రం నిన్ననే చేరి, గంటకు నాలుగుసార్లు నోరు జారే కుర్రవాడు. సభలో అందరికన్నా వెనకబడినవాడే విందుకు పెద్ద దిక్కు.

మూడోవాడు స్కిపియో ఫోర్తెగ్వెర్రి. ఇంటిపేరులో బలమూ యుద్ధమూ ఉన్నాయి గనక దాన్ని గ్రీకులోకి దింపి ‘కార్తెరోమాఖస్’ అయ్యాడు. మన పెద్దిరాజు బృహద్రాజు అని సంతకం పెట్టినట్టు. దానికి మాత్రం జరిమానా లేదు.

‘పెనువిందు’: పెట్టె సొమ్ము చాలినంత అయితే ఆల్డస్ చేతికి ఇవ్వాలి, ఆయన భోజనం పెట్టాలి. అచ్చుపనివాళ్ళకు పెట్టే తిండి కాకుండా, కొత్త అకాడమీని కలగనే వాళ్ళకు తగిన తిండి పెట్టాలని మూలంలోనే ఉంది. ఈ జాగ్రత్త ఎందుకో తర్వాతి కథ చెబుతుంది. 1508లో ఎరాస్మస్ అనే పండితుడు వెనిస్ వచ్చి, తన సామెతల గ్రంథం అచ్చు పూర్తయ్యేదాకా ఆల్డస్ మామగారు ఆండ్రియా తొర్రెసానీ ఇంట్లో దిగాడు. 1531లో ఆ ఇంటి పిసినారితనాన్ని ఒక సంభాషణగా రాసి లోకానికి వడ్డించాడు. నీళ్ళు కలిపిన ద్రాక్షసారా సంగతి ఇరవై ఏళ్ళు దాటినా ఆయన మరవలేదు. ఆ ఇంటి విందుకు ముందే షరతు రాసుకున్నవాళ్ళు దూరదృష్టి గలవారు.

ఆల్డస్‌ను తప్పు పట్టలేం. వచ్చిపోయేవాళ్ళ తాకిడి భరించలేక, చెప్పేదేదో క్లుప్తంగా చెప్పి వెళ్ళండి, సాయానికి వస్తే మాత్రం ఉండండి అని గది గుమ్మం మీద రాయించుకున్నవాడు. 1495, 1498 మధ్య అరిస్టాటిల్‌ను గ్రీకులో ఐదు సంపుటాలుగా అచ్చువేశాడు. ఆ పనిలో మునిగినవాడికి వంటింటి మీద చూపెక్కడ నిలుస్తుంది? 1502 నాటి సోఫోక్లిస్ పుస్తకం చివర, ఆల్డస్ అకాడమీలో అచ్చయిందని ఉంది. అకాడమీ నిజంగా కూడేదా, కలగానే ఉండిపోయిందా అని చరిత్రకారులు నేటికీ తగువులాడుతున్నారు. తగువు గ్రీకులో సాగడం లేదు గనక పెట్టెకు మంచి రాబడి.

తాత్పర్యం

గ్రీకు సభలో చేరదలచినవాడు గ్రీకు రాదని వెనకాడనక్కర్లేదు, జేబులో చిల్లర ఉంటే చాలు.

ఇక టీకాకారుడి లెక్క. ఈ వ్యాఖ్యానమంతా తెలుగులో సాగింది. మాటకు ఒక బిళ్ళ చొప్పున, పరాకున కాదు, కావాలనే. కూడి చూస్తే పైన త్రోసిపుచ్చిన ‘వెయ్యి’ అనే అర్థమే నిలిచేలా ఉంది.