అంగుళీ సంజీవని: చిక్కుడుకాయ వాక్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టినాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని నిష్ఠగానూ రెండో సగాన్ని వీలునుబట్టీ పాటించే ఈ వ్యాఖ్య, ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం పరిసరాల వంటిళ్ళలోనూ వసారాల్లోనూ తరతరాలుగా వినవస్తున్నా ఏ పండితుడి దృష్టికీ నోచుకోని ఒక గద్యవాక్యానికి వివరణ. గ్రంథకర్త్రి నాయనమ్మ, ఆమె పేరు ఇంటింటికీ మారుతుంది గనుక కర్తృత్వ వివాదానికి తావులేదు. రచనాకాలం చిక్కుడు విరగకాసే చలికాలం, రచనాస్థలం పెరటి వైపు అరుగు. ప్రతిపాద్య విషయం పిల్లల చేతివేళ్ళ సూక్ష్మచలన నైపుణ్యం, అనగా చేతిలోని, వేళ్ళలోని చిన్న కండరాలు కంటిచూపుతో కలిసి నడిచి గుండీ పెట్టడం, ముడి వేయడం, బలపం పట్టడం వంటి పనులను సాధించే శక్తి.

మూలం

“ఒరే నానా! ఇలా వచ్చి కూచుని ఈ చిక్కుడుకాయలు ఒలిచిపెట్టు. ఈనె ఓ పక్క, కాయ ఓ పక్క, ముదురు కాయైతే గింజ ఓ పక్క. నోట్టో ఎట్టుకోకు. తొందరేం లేదు.”

పాఠభేదాలు

ఈ ఊరు గోదావరి జిల్లాల మెట్టప్రాంతంలోది గనుక, మొక్కజొన్న కోతల వేళ ‘చిక్కుడుకాయలు’ అన్నచోట ‘ఎండు పొత్తులు’ అనీ, మరికొన్ని ఇళ్ళలో ‘వేరుశనక్కాయలు’ అనీ పాఠాంతరాలు కనిపిస్తాయి. వీటివల్ల అర్థానికి భంగం లేదు గానీ వేరుశనక్కాయ పాఠం మూడేళ్ళలోపు పిల్లల విషయంలో పరిత్యాజ్యమని నిషేధ ప్రకరణంలో నిరూపించబడుతుంది. ‘ఒరే నానా’ అన్నచోట ‘ఒసే అమ్మలూ’ అనే పాఠమే ప్రాచీనమనీ, ఒలిచే పని ఆడపిల్లకూ తినే పని మగపిల్లవాడికీ చెందుతాయనీ కొందరు పూర్వవ్యాఖ్యాతలు, ముఖ్యంగా తాతలు, వాదించినారు. వేళ్ళ ఎముకలకూ కండరాలకూ అటువంటి విభజన లేదు గనుక రెండు పాఠాలూ సమానంగా గ్రాహ్యాలు.

ప్రతిపదార్థం

ఒరే నానా = ఓ చిన్నవాడా; ఇలా వచ్చి = సెల్‌ఫోను అక్కడ వదిలిపెట్టి ఇక్కడికి వచ్చి; కూచుని = నడుము నిలిపి బాసింపట్టు వేసికొని, ఏలయనగా భుజమూ నడుమూ నిలకడగా లేనిదే వేలు నిలకడగా కదలదు; ఈ చిక్కుడుకాయలు = ఇంటిల్లిపాదీ నిజంగా తినబోయే ఈ కాయలను, అనగా ఆటకోసం కల్పించినవి కానివాటిని; ఒలిచిపెట్టు = నీవే ఒలువుము; ఈనె ఓ పక్క, కాయ ఓ పక్క, గింజ ఓ పక్క = మూడు రాశులుగా వేరుచేయుము; నోట్టో ఎట్టుకోకు = నోటిలో ఉంచుకొనకుము; తొందరేం లేదు = మధ్యాహ్నం వంటకు నిజానికి తొందర ఉన్నప్పటికీ లేనట్లే భావింపుము.

తాత్పర్యం

పిల్లవాడు స్థిరంగా కూర్చొని, నిజమైన పనిని, తన వేళ్ళతో, తనకు పట్టినంత సమయం తీసికొని, చివరిదాకా చేయాలని భావం. అలంకారం స్వభావోక్తి, రసం వాత్సల్యం. కాయ విరిచి పక్కవాడి మీద విసిరినప్పుడు మాత్రం రౌద్రం.

విశేషాలు

మానవ హస్తంలో 27 ఎముకలున్నాయి. వాటిలో మణికట్టుకు చెందిన ఎనిమిదీ పుట్టినప్పుడు మృదులాస్థి రూపంలో, అనగా మెత్తటి ఎముకగా ఉండి, ఎక్స్‌రేలో కనిపించవు. అవి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ రావడానికి సుమారు పన్నెండేళ్ళ వయసు దాకా పడుతుంది గనుకనే వైద్యులు పిల్లల ఎముకల వయసును తెలుసుకోవడానికి చేతి ఎక్స్‌రే తీస్తారు. వేళ్ళను బలంగా ముడిచే, చాచే పెద్ద కండరాలు మోచేతికీ మణికట్టుకూ నడుమ ఉండి స్నాయువులనే తాళ్ళతో వేళ్ళను లాగుతుండగా, వేళ్ళను విడివిడిగా సున్నితంగా నడిపే చిన్న కండరాలు అరచేతిలోనే ఉంటాయి. ‘ఒలిచిపెట్టు’ అన్న క్రియ ఈ రెండో వర్గాన్ని ఉద్దేశించినది.

చేతి పట్టును జాన్ నేపియర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు 1956లో రెండుగా విభజించినాడు. వస్తువును అరచేతికి అదిమి పట్టేది బలపు పట్టు. బొటనవేలికీ తక్కిన వేళ్ళ కొనలకూ నడుమ పట్టేది సూక్ష్మపు పట్టు. రోకలి పట్టడం మొదటిదానికీ, చిక్కుడు ముచ్చిక విరిచి ఈనెను కొస నుంచి కొసకు తెగకుండా లాగడం రెండోదానికీ ఉదాహరణలు. ఈనె లాగేటప్పుడు ఒక చేయి కాయను కదలకుండా నిలుపుతుంది, మరొక చేయి లాగుతుంది. రెండు చేతులు రెండు వేర్వేరు పనులు చేస్తూ ఒకే ఫలాన్ని సాధించే ఈ సమన్వయమే తరువాతి కాలంలో ఎడమచేత్తో కాగితం పట్టి కుడిచేత్తో రాయడానికి పునాది. ఎడమచేతివాటం పిల్లలకు ఇదే వాక్యాన్ని చేతులు మార్చి అన్వయించుకోవాలి గానీ పిల్లల చేతిని మార్చకూడదు.

మెదడులో చలనాన్ని నడిపే పొరను విద్యుత్తుతో పరీక్షించి వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ 1937లో ప్రకటించిన పరిశోధన తరువాత, ఆ పొరలో మొండెం మొత్తానికి కొద్దిపాటి చోటు ఉండగా చేతికీ ముఖానికీ విశేషమైన చోటు ఉన్నదని లోకానికి తెలిసింది. నాయనమ్మ ఈ పరిశోధన చదవకపోయినా, అల్లరి పిల్లవాడి చేతికి పని చెబితే నోరు దానంతటదే మూతపడుతుందన్న సంగతిని స్వతంత్రంగా కనిపెట్టింది.

అధికారి నిర్ణయం

శాస్త్ర పరిభాషలో అధికారి అనగా ఒక విద్యను అందుకోవడానికి తగినవాడు. అప్పుడే పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టుకొంటుంది గానీ అది ఇచ్ఛతో చేసే పని కాదు. కొన్ని నెలల్లో ఆ ప్రతిక్రియ అణగి, తొమ్మిది పది నెలల ప్రాంతంలో బొటనవేలూ చూపుడువేలూ కలిసి చిన్న వస్తువును పట్టే చిటికెడు పట్టు వస్తుంది. ఈ దశలో మెత్తగా ఉడికిన మెతుకులను పళ్ళెంలోంచి ఏరుకొని తినడమే పాఠం, నేల మీద పడ్డవి గురుదక్షిణ. ఏడాదిన్నర దాటినవారికి డబ్బాలో వస్తువులు వేయడం, తీయడం, గిన్నె మీద గిన్నె పేర్చడం, చపాతీ పిండి నొక్కడం ఉచితం. సాధారణంగా మూడేళ్ళకు సున్నాను, నాలుగేళ్ళకు కూడిక గుర్తును, ఐదేళ్ళకు త్రిభుజాన్ని చూసి గీయగలుగుతారు. చిక్కుడుకాయ వాక్యానికి పూర్ణాధికారం మూడేళ్ళు దాటినవారిది. అంతకంటె చిన్నవారు పక్కన కూర్చొని ఒలిచిన కాయలను తిరిగి తొక్కల్లో కలపడానికి మాత్రమే అధికారులు.

బిడ్డ ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని పట్టించుకోకపోయినా, ఏడాది దాటినా చిటికెడు పట్టు రాకపోయినా, వచ్చిన నేర్పు వెనక్కు పోతున్నట్లు కనిపించినా, అది వ్యాఖ్యాతల పరిధి దాటిన విషయం గనుక పిల్లల వైద్యుడికి చూపించాలి.

ఉపలక్షణ ప్రకరణం

ఉపలక్షణం అనగా ఒకదాన్ని చెప్పి ఆ జాతికి చెందిన తక్కినవాటిని కూడా సూచించడం. మూలంలో చిక్కుడు ఒక్కటే పేర్కొనబడినా ఈ కింది క్రియలన్నీ దానిలో అంతర్భూతాలు.

మొదటిది భోగిపిడకల దండ. గోదావరి జిల్లాల ఇళ్ళలో సంక్రాంతికి ముందునుంచే ఆవుపేడతో బిళ్ళంత పిడకలు తట్టి, నడుమ వేలితో చిల్లు పొడిచి, ఎండిన తరువాత తాడుకు గుచ్చి భోగిమంటలో వేస్తారు. ముద్దను అరచేతిలో గుండ్రంగా తిప్పడం అరచేతి వంపును, అదిమి తట్టడం వేళ్ళ బలాన్ని, చూపుడువేలితో చిల్లు పొడవడం ఆ వేలి స్వాతంత్ర్యాన్ని, దారం కొసను చిల్లులోంచి ఇవతలి చేత్తో దూర్చి అవతలి చేత్తో అందుకోవడం కంటికీ చేతికీ పొత్తును పెంచుతాయి. తరువాత చేతులు సబ్బుతో కడిగించడం ఈ క్రియకు ఉత్తరాంగం.

రెండోది రథసప్తమినాటి చిక్కుడుకాయల రథం. మాఘశుద్ధ సప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి సూర్యుడికి చిన్న రథం అమర్చే ఆచారం తెలుగునాట ఉన్నది. కాయ చీలకుండా, పుల్ల విరగకుండా, ఎంత బలం పెట్టాలో అంతే పెట్టడం ఇందులోని విద్య. బలాన్ని తగ్గించుకోవడం పెంచుకోవడంకంటె కష్టమనీ, బలపాన్ని ముక్కలు చేసే పిల్లలకూ పలక మీద గీత పడనంత తేలికగా రాసే పిల్లలకూ లోపించేది ఈ కొలతేననీ గ్రహించాలి.

మూడోది చింతపిక్కలతో అచ్చంగాయలాట. పిక్కను ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేల మీది పిక్కలను ఏరి, పట్టినవాటిని అరచేతిలోనే నిలుపుకొంటూ మరొకదాన్ని వేలికొనలతో అందుకోవడంవల్ల, ఒకే చేతిలో ఉంగరం వేలూ చిటికెనవేలూ దాచే పనినీ బొటనవేలూ చూపుడువేలూ ఏరే పనినీ పంచుకొంటాయి. బలపం పట్టేటప్పుడు కావలసిన శ్రమవిభజన సరిగ్గా ఇదే. ఈ ఆట చిన్నపిల్లలకు పట్టుబడదు. ఆరేడేళ్ళవారు దీనికి అధికారులు, వారిని ఓడించే అధికారం అమ్మమ్మలది.

ఇవికాక దీపానికి పత్తి వత్తులు చేయడం, తడిగుడ్డ పిండడం, ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం, చేగోడీల పిండిని తాడులా పేని చుట్టలు చుట్టడం, పాత కాగితాలు చింపి అంటించడం వంటివి ఎవరింటి వీలునుబట్టి వారు గ్రహించవచ్చు. నూనె మూకుడు దగ్గర మాత్రం పిల్లల పని చుట్ట చుట్టడంతో సమాప్తం.

నిషేధ ప్రకరణం

‘నోట్టో ఎట్టుకోకు’ అన్న వాక్యభాగం పునరుక్తి కాదు, ప్రాణరక్షకం. మూడేళ్ళలోపు పిల్లల శ్వాసనాళంలో వేరుశనగ గుళ్ళు, గింజలు, పిక్కలు అడ్డుపడే ప్రమాదం ఎక్కువ గనుక వారికి చిన్న గింజలతో పని చెప్పరాదు. పెద్దపిల్లల వద్ద కూడా ఒక పెద్ద మనిషి కూర్చొనే ఉండాలి. ఏజెన్సీ అంచున ఉన్న ఈ ప్రాంతపు కంచెల మీద ఎరుపు నలుపుల్లో మెరిసే గురివింద గింజలు ఆటకు ఎంత ముచ్చటగా ఉన్నా, నమిలితే ప్రాణాంతకమైన విషం వాటిలో ఉంది. ఆముదపు గింజలదీ అదే తీరు. పచ్చి జీడిగింజ పెంకులోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. పచ్చి పొగాకు ఆకునుంచి నికోటిన్ చర్మం గుండానే ఒంటికెక్కి వాంతులు, తల తిరగడం తెస్తుంది గనుక, వర్జీనియా పొగాకు వేలం కేంద్రాలున్న ఈ ఊళ్ళో ఆకును కర్రకు కట్టే పని ఎంత వేళ్ళ నేర్పుతో కూడినదైనా పిల్లలకు అది పాఠం కాదు. ఇంటిపని పేరుతో గంటలకొద్దీ కూర్చోబెట్టడం, కూలికి పంపడం మూలంలో ఎక్కడా ధ్వనించదు. పిల్లవాడు లేచిపోతే వాక్యం అక్కడికి సమాప్తమైనట్లే.

పూర్వపక్షం, సిద్ధాంతం

పూర్వపక్షం అనగా ఎదుటివాడి వాదం. సెల్‌ఫోను తెర మీద కూడా వేలే కదులుతున్నదిగదా, చిక్కుడు ఎందుకని మొదటి ఆక్షేపం. తెర ఎక్కడ తాకినా ఒకే నునుపు, ఎంత నొక్కినా ఒకే ఫలం. కాయకు బరువు, గరుకు, ప్రతిఘటన ఉన్నాయి గనుక రెండూ సమానాలు కావని సమాధానం. మార్కెట్లో దొరికే పెట్టెల ఆటసామగ్రి ఉండగా కూరగాయలేలని రెండో ఆక్షేపం. రోమ్‌లో 1907లో తొలి బాలగృహాన్ని తెరిచి, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి భారతీయ ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మరియా మాంటిస్సోరి సైతం పిల్లల చేత గుండీలు పెట్టించి, నీళ్ళు వంపించి, బల్లలు తుడిపించింది గనుక, ఇంటిపనిని విద్యగా గుర్తించడం కొత్త సంగతి కాదని సమాధానం. మూడేళ్ళు నిండగానే బడిలో పెన్సిలు పట్టిస్తున్నారుగదా, ఇంకా పిండి ముద్దలేమిటని మూడో ఆక్షేపం. అక్షరాభ్యాసంనాడు మన పెద్దలు పిల్లవాడి వేలితో బియ్యంలోనే రాయించినారు. వేలు సిద్ధమైన తరువాతే బలపం, అదికూడా మూడు వేళ్ళకు మాత్రమే చోటుండే పొట్టి బలపం, ఆ తరువాతే పెన్సిలు అన్నది క్రమం. ఈ క్రమాన్ని తిరగేసి, రాయలేనివాణ్ణి సోమరి అనడం వ్యాకరణవిరుద్ధం.

ఇక చివరి ఆక్షేపం గ్రంథకర్త్రిదే: వాడు ఒలిచేసరికి పొద్దుగూకుతుంది, తానే ఒలిచేస్తే పావుగంట పని. వాక్యంలో అత్యంత దుర్ఘటమైన భాగం ‘తొందరేం లేదు’ అన్నదే. అది పైకి పిల్లవాడితో అన్నమాటగా కనిపించినా, పిల్లవాడికి ఏనాడూ తొందర లేదు గనుక దాన్ని పెద్దలకు అన్వయించడమే న్యాయం. పిల్లవాడి చేతిలోంచి కాయ లాక్కోకపోవడం, వాడు ఒలిచినదాన్ని వాడి ఎదుటే మళ్ళీ ఒలవకపోవడం, ‘నీకు రాదులే’ అనకపోవడం అనే మూడు నియమాలు ఇందులో ఇమిడి ఉన్నాయి.

ఫలశ్రుతి

ఈ వాక్యాన్ని వారానికి రెండు మూడుసార్లు ఆచరించే ఇంట్లో పిల్లలు బడికి వెళ్ళేనాటికి తమ గుండీలు తామే పెట్టుకొని, తమ క్యారేజీ మూత తామే తీసుకొని తినగలుగుతారు. ఫలం వెంటనే కనిపించదు గనుక నాయనమ్మలూ తాతలూ తల్లిదండ్రులూ ఓపిక పట్టగలరని ప్రార్థన. కూరలో అక్కడక్కడ ఈనెలు పంటికి తగిలినా ఆ పూటకు ఎవరూ పెదవి విప్పరాదని సిద్ధాంతం.