పలచన మింద జిడ్డు – టీకా తాత్పర్య సహితము

మూలము: “మొదట ఆకాశం పుయ్యి, ఆమీట దూరం కొండ, కడాన రాయి. పలచన మింద జిడ్డు పడాల, జిడ్డు మింద పలచన పడకూడదు. నీలం తక్కువ ఎయ్యప్పా, ఖరీదు.”

అవతారిక: ఐరాలలో తైలవర్ణములు నేర్పు డ్రాయింగు అయ్యోరు, జర్మను రీతిలో భీమగంభీరమైన పర్వతదృశ్యమును వ్రాయగోరి, తెల్లని క్యాన్వాసు నడుమ హిమశిఖరముతోనే ఆరంభింపబోయిన శిష్యుని కుంచెను పట్టి నిలిపి పలికిన వాక్యమిది.

టీక: మొదట = శిఖరముపై మోహము పుట్టకమునుపే; ఆకాశం = దృశ్యమున అత్యంత దూరమందున్నదానిని; పుయ్యి = వెడల్పు కుంచెతో శంకింపక పూయుము; ఆమీట = ఆ పూత యింకను తడిగా నుండగనే (కొండయంచు మెత్తబడుట కిదియే ఉపాయము); దూరం కొండ = తన సొంత రంగును నడుమనున్న గాలికి ధారపోసిన కొండను; కడాన = తుదకు; రాయి = ఐరాల గుట్టలమీద ఒకదానిపై నొకటి నిలిచి, నేడు పడునో రేపు పడునో యని బాటసారిని బెదరించు గుండును; పలచన = టర్పెంటైను హెచ్చుగా గల రంగు; జిడ్డు = అవిసెనూనె హెచ్చుగా గల రంగు; అప్పా = ఆదరార్థకము, కోపము శంకింపరాదు.

విశేషము: అవిసెనూనె నీటివలె ఆవిరియై పోవునది కాదు, గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, తీరికగా గట్టిపడును. నూనె హెచ్చిన పొర ఆలస్యముగా ఎండును. దానిపై త్వరగా నెండు పలుచని పూత పడెనా, అడుగుది కదలుచుండగనే పైది బిగిసి పగులును. అప్పుడు శిష్యుడు ఆల్ప్సు పర్వతములకు బదులు వైశాఖమాసపు చెఱువడుగును వ్రాసినవాడగును.

“ఖరీదు” అనుట హేతువు కాదు, వ్యాజమని మా మతము. నేర్చుకొనువారు దూరమనగానే ట్యూబులోని నీలమును అట్లే పులుముదురు. దూరమునకు వలసినది తెలుపుతోను బూడిదవన్నెతోను నీరసించిన నీలము. ఈ రహస్యమును శాస్త్రముగా చెప్పిన వినని శిష్యుడు, వెలగా చెప్పిన వినును. అయ్యోరు లోకజ్ఞులు.

పూర్వపక్షము: మంచుకొండ లేని ఐరాలవాడు మంచుకొండ నెట్లు వ్రాయును? మదనపల్లె దాపున హార్స్‌లీ కొండ యున్నది గాని, సుమారు 4,100 అడుగుల యెత్తున హిమ మెక్కడిది? తుమ్మపూడి చిత్రకారుడు సంజీవదేవ్ హిమాలయములకు పోయి, కులూలో చిత్రకారుడగు రోరిక్ చెంత నుండి వచ్చినవాడు గదా, చూచియే వ్రాయవలదా?

సిద్ధాంతము: వలదు. ఈ జర్మను రీతిలో అగ్రగణ్యుడగు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ (1774–1840) వాట్స్‌మన్ అను ఆల్ప్సు శిఖరమును 1824–25లో బ్రహ్మాండముగా చిత్రించెను. ఆ కొండకు ఆయన ఎన్నడును పోలేదు. శిష్యుడు గీచి తెచ్చిన నీటిరంగుల చిత్రమే ఆధారము. కాని ముందుభాగపు రాయి మాత్రము హార్జ్ పర్వతములలో తాను స్వయముగా చూచి గీచికొన్నది. దూరపు కొండను ఎరువు తెచ్చుకొనవచ్చును, దగ్గఱి రాతిని తేరాదు. సూత్రకారుడు రాతిని తుదకు ఉంచుట ఇందులకే. కావున మన శిష్యుడు క్యాలెండరులోని హిమమును యథేచ్ఛగా తెచ్చుకొనుగాక. ఎదుటి గుండునకు మాత్రము సాయంకాలము కాణిపాకము దారిన నడచి, దానిపై పడు ఎండ యే వైపుననో, పగులు ఎచ్చటనో గుర్తించి రావలెను.

ఇక ట్యూబు వెలను గూర్చి ఒక మాట. మడువదగిన తగరపు ట్యూబునకు పేటెంటు లభించినది 1841లో. ఫ్రీడ్రిక్ అప్పటికే గతించెను. ఆయన కాలమున వర్తకులు రంగును పందిబుడగలో మూటగట్టి యమ్మెడివారు. మనవానికి గొణుగుటకు హక్కు లేదు.

తాత్పర్యము: ఆకాశము, దూరపు కొండ, రాయి అను వరుసను తప్పక, నూనెను పొరపొరకు హెచ్చించుచు, నీలమును పొదుపుగా వాడుచు పర్వతదృశ్యమును వ్రాయవలెనని భావము. ముట్టి చూచిన పటము ఆఱినట్లు తోచినను, ఆఱు మాసములకు ముందు వార్నిషు పూయరాదు. ఇది మూలమున లేదు. పాఠకులు చేర్చి చదువుకొందురుగాక.