‘క్లాసీగా ఉండాలి’: టీకా తాత్పర్య సహితం

మూలం. “ఫ్రెండ్స్, మన అన్నగారి రిటైర్మెంటుకి శాలువాలూ ఫోటో ఫ్రేములూ వద్దు. ఆయన భోజనప్రియుడు. మంచి ఫుడ్ సినిమాలు ఏరి గిఫ్టుగా ఇద్దాం. క్లాసీగా ఉండాలి.”

అవతారిక. విశాఖ ఉక్కు కర్మాగారానికి కూతవేటు దూరాన, కూర్మన్నపాలెంలోని ఒకానొక అపార్ట్‌మెంటు వాసుల ఫోన్లలో ఒక రాత్రి భోజనానంతరం ఈ మూలం అవతరించింది. శాస్త్రమన్నాక విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు అనుబంధాలుండాలి. విషయం, తిండి సినిమాలు. ప్రయోజనం, తలా ఐదొందలతో రుణవిముక్తి. సంబంధం, ఒకే లిఫ్టు. అధికారి అన్నగారు. కోక్ ఒవెన్ల దగ్గర ఏ, బీ, సీ షిఫ్టుల్లో ఉద్యోగమంతా గడిపి, అర్ధరాత్రి క్యారియర్ మూత తీసినా కమ్మని కూరే చూసిన అదృష్టవంతుడు. ఆ క్యారియర్ కట్టిన వదినగారు అధికారి అవునా కాదా అన్న శంక ఈ అపార్ట్‌మెంటు మండలిలో ఎవరికీ కలగలేదు.

ఆధారం లేనిదీ, అవసరం లేనిదీ రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన రాసింది కాళిదాసుకి కాబట్టి చెల్లింది. అపార్ట్‌మెంటు సెక్రటరీకి టీక రాయాల్సివస్తే ఆ ఒట్టు ఎన్నాళ్ళు నిలిచేదో!

ప్రతిపదార్థం. ఫ్రెండ్స్, శాలువా, ఫోటో ఫ్రేము: స్పష్టం. ఏరి: ఎవరు ఏరాలి, చూసి ఏరాలా చూడకుండా ఏరాలా అన్నదే ఇక్కడ అసలు చిక్కు. అయినా సుగమం. తెలిసినదానికి పుటలు నింపి, చిక్కుముడి దగ్గర ‘సుగమం’ అని దాటెయ్యడం పెద్దలు వేసిన బాటే.

గిఫ్టుగా ఇద్దాం: ఇక్కడ ధర్మశాస్త్రం అడ్డొస్తుంది. తన స్వత్వం వదులుకుని అవతలివారికి స్వత్వం కలిగించడం దానలక్షణం. డీవీడీల రోజుల్లో ఈ లక్షణం చక్కగా అన్వయించేది. రిబ్బను కట్టి చేతిలో పెడితే స్వత్వం మారేది, తర్వాత పోగొట్టుకుంటే వారి ఖర్మ. ఇప్పుడు ఏడాది చందా కట్టి సినిమా ‘ఇస్తే’ అది మనదీ కాదు, ఆయనదీ కాదు. హక్కులు తీరిన నాడు చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. దానమిచ్చిన ఆవు తిరిగొచ్చి తన మందలో కలిస్తే, తెలియక దాన్నే ఇంకొకరికి దానమిచ్చిన పాపానికే కదా నృగమహారాజు ఊసరవెల్లి అయి నూతిలో పడ్డాడు! ఇదంతా ఎందుకు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేస్తే పోలా అన్నాడు మూడో అంతస్తు మిత్రుడు. దొంగసొమ్ము దానానికి పనికిరాదన్న పెద్దలకి పెన్‌డ్రైవ్ తెలియకపోవచ్చు గానీ మూడో అంతస్తు మిత్రుడు తెలుసు.

క్లాసీగా: మూలానికి ప్రాణం, నా రక్తపోటుకి కారణం. విదేశీయం కావడం, అడుగున అక్షరాలు పడడం, మనం చూడకపోవడం అని దీనికి మూడు లక్షణాలు. పాఠాంతరాలు కుప్పతెప్పలుగా వచ్చాయి. జూజో ఇటామీ ‘టాంపోపో’ (1985) అని ఒకరు, ఆంగ్ లీ ‘ఈట్ డ్రింక్ మ్యాన్ ఉమన్’ (1994) అని మరొకరు. మొదటిది జపాను నూడుల్స్ కొట్టు కథ, రెండోది ముగ్గురు కూతుళ్ళున్న తైపే వంటమాస్టారి కథ. రెండూ మంచి సినిమాలే. కథేమిటండీ అని చెప్పినవారినే అడిగితే ‘యూనివర్సల్ థీమ్’ అన్నారు. మలయాళంలో 2011లో ‘సాల్ట్ ఎన్ పెప్పర్’గా వండినదాన్ని ప్రకాశ్‌రాజ్ 2014లో తెలుగు, తమిళ, కన్నడ పొయ్యిల మీద ఒకేసారి ఎక్కించిన ‘ఉలవచారు బిర్యానీ’: సుగమం.

సెక్రటరీగారి సిద్ధాంతపాఠం ‘బాబెట్స్ ఫీస్ట్’. గాబ్రియెల్ ఆక్సెల్ 1987లో తీసిన డేనిష్ చిత్రం, ఆస్కార్ కూడా వచ్చింది. ప్యారిస్ నుంచి పారిపోయి వచ్చిన వంటమనిషి, లాటరీలో తగిలిన పదివేల ఫ్రాంకులూ ఒక్క విందుకి ఖర్చు పెట్టేస్తుంది. బాగుంది. అయితే విందు వచ్చేది చివర్న. అంతవరకూ ఆ ఊరి నిత్యభోజనం ఏమిటయ్యా అంటే, ఎండుచేప. సినిమా మొదలవడమే వేలాడే చేపలతో. దాన్ని నానబెట్టి ఉడికించడమెలాగో అక్కచెల్లెళ్ళిద్దరూ బాబెట్‌కి నేర్పుతారు కూడా.

నేర్పి ఏం లాభం? ఎండుచేపని ఉత్తినే ఉడకబెట్టి పాడుచేశారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్న ఎండు నెత్తళ్ళ తలలు తుంచి, నూనె లేని మూకుడులో సన్నసెగన కరకరలాడేదాకా వేయించి, వేడినీళ్ళలో జాడిస్తే ఇసుక అడుక్కి దిగుతుంది. ఉల్లిపాయా పచ్చిమిర్చీ లేత వంకాయా మగ్గాక చింతపండు పులుసు పొయ్యాలి. అది దగ్గరపడే ముందు నెత్తళ్ళు వెయ్యాలి. ముందే వేస్తే విరిగి ముద్దవుతాయి. ఉప్పు ఆఖర్న, రుచి చూసి. చేపలో ఉన్న ఉప్పు సంగతి మరిచారా, పులుసంతా పారబోతే. ఇక పప్పుచారన్నంలో ఉప్పుచేప నంజుకోవడం గురించి ప్రత్యేక గ్రంథం కావాలి.

ఈ పరిమళమే కిందటి వానాకాలం రెండో అంతస్తు నుంచి పైకి పాకింది. మర్నాడు లిఫ్టులో నోటీసు: ‘దుర్వాసన వచ్చు పదార్థములు వండరాదు.’ కింద సంతకం డేనిష్ చిత్రాభిమానిది. ఊరికి ఒక పక్కంతా సముద్రం. 1933 నుంచి ఓడలు ఆగే రేవు. ఇక్కడ చేపవాసన మీద నిషేధం! ఆ చేప డెన్మార్కులో వేలాడితే ఛాయాగ్రహణం, మన బాల్కనీలో వేలాడితే దుర్వాసన. వండిన కుటుంబం నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసింది. దీనికి అర్థాంతరం లేదు, ధ్వని కూడా లేదు. అందరికీ తెలుసు.

విశేషం. రితేష్ బత్రా ‘ద లంచ్‌బాక్స్’ (2013)లోనూ ఒక పై అంతస్తు ఉంది. అందులో గొంతే తప్ప మనిషి కనబడని ఓ ఆంటీ, కింద ఉడికే కూర వాసన పట్టి, ఏం తగ్గిందో చెప్పి, కిటికీలోంచి బుట్టలో దినుసు దించుతుంది. ఇర్ఫాన్ ఖాన్ రిటైర్మెంటు దగ్గరపడ్డ ఉద్యోగి. దారితప్పి వచ్చిన క్యారియర్ ఆయన్ని మళ్ళీ మనుషుల్లోకి లాగుతుంది. అన్నగారికి ఇంతకన్నా ఏం కావాలి? ‘అది చూసేశాం కదండీ’ అన్నారు. మూడో లక్షణం చూడుడు.

క్యారియర్ ప్రసక్తి వచ్చింది గనక: ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని 1966లో 32 మంది ప్రాణాలర్పిస్తే వచ్చిన కర్మాగారంలో తయారయ్యేవి ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. గిన్నెలకి పనికొచ్చే స్టెయిన్‌లెస్ రేకు కాదు. అంటే అన్నగారు ఇన్నేళ్ళూ ఉక్కు ఇక్కడ చేసి, అన్నం వేరే ఊరి ఉక్కులో తిన్నారు. ఇది మూలానికి అవసరమా? కాదు.

పూర్వపక్షం. మరి మన ‘మాయాబజార్’ (1957)? కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే కెమెరా, మాధవపెద్ది సత్యం గొంతు. ఘటోత్కచుడైన ఎస్.వి.రంగారావు చెయ్యి పెట్టకుండానే లడ్డూలు నోట్లోకి దూకుతాయి. ఇంతటి తిండి దృశ్యం డేనిష్‌లో లేదు, జపనీస్‌లో లేదు. నేనూ దీనికే ఓటేశాను. అయితే వ్యాఖ్యాత చూపు పాడుది కదా. ఆ గారెలకి పప్పు రుబ్బిందెవరు? బూరెలు వేయించిందెవరు? నగరమే మాయ, విందూ మాయే. మనకి తలమానికమైన భోజన దృశ్యంలో తిన్నవాడు తప్ప వండినవారు లేరు.

ఇది కె.వి.రెడ్డి తప్పు కాదు, చాలా పాత రోగం. రసమంటే ఏమిటన్న ప్రశ్నకి జవాబు కోసం నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు తిన్నగా భోజనం దగ్గరికే వెళ్ళాడు. నానా వ్యంజనాలతో సంస్కరించిన అన్నం తింటూ రుచిని ఆస్వాదించేవాళ్ళని చూపించాడు. వాళ్ళెవరయ్యా అంటే సుమనస్కులైన పురుషులు! అన్నాన్ని సంస్కరించినవారి ఊసు లేదు. మన అలంకారశాస్త్రం మొత్తం ఈ పంక్తిలో కూర్చుని లేచిందే. విస్తళ్ళు ఎవరు ఎత్తారో వ్యాఖ్యాత అభినవగుప్తుడు కూడా విచారించలేదు. నలపాకం, భీమపాకం లేవా అంటారేమో. నలుడు వండింది బాహుకుడి వేషంలో, భీముడు వండింది విరటుడి కొలువులో వలలుడిగా. మన ఇతిహాసాల్లో మగవాడు గరిటె పట్టాడంటే అజ్ఞాతంలో ఉన్నాడని అర్థం. ఆ భీముడి కొడుకే ఘటోత్కచుడు. తండ్రి గరిటె అందుకోలేదు, ఆకలి మాత్రం అందుకున్నాడు.

శ్రీరమణ కథని తనికెళ్ళ భరణి తీసిన ‘మిథునం’ (2012) మన ఉత్తరాంధ్ర పల్లెలో చిత్రీకరించిందే. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి అని ఉన్నదే ఇద్దరు కాబట్టి పొయ్యి దగ్గర ఎవరున్నారో దాచడానికి వీల్లేదు. కళ్ళు చెమరుస్తాయి, నోరూరుతుంది. చూసిన మగవాళ్ళంతా ఇంటికొచ్చి ‘బుచ్చిలక్ష్మి చూశావా’ అన్నారు. నా భయానికి అది చాలు.

తాత్పర్యం. రాత్రి పదకొండింటికి తెర మీద ఉల్లిపాయ వేగుతుంది. అన్నగారికి నోరూరుతుంది. లేచేది వదినగారు. బహుమతి భారం ఎవరి మీద పడుతుందో వారిని అడగాలి కదా అని లిఫ్టులో నేనే అడిగాను.

“సినిమాలకేటి గానీ మాస్టారూ, మా ఇంట్లో పోపులపెట్టి ఏ అరలో ఉంటాదో ఆయనకి చూపించే సినిమా ఏదైనా ఉందేటి?”

ఉంది. జియో బేబీ మలయాళంలో తీసిన ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ (2021). తరగడం, రుబ్బడం, వడ్డించడం, ఎంగిలి తియ్యడం, మళ్ళీ తరగడం. సింకు కింద పైపు కారుతూంటుంది. ప్లంబర్ని పిలవమని ఎన్నిసార్లు చెప్పినా భర్తకి గుర్తుండదు. విదేశీయం కాకపోయినా అడుగున అక్షరాలున్నాయి, మండలిలో ఎవరూ చూడలేదు. మూడింట రెండు లక్షణాలు పట్టాయి కదా అని పేరు పెట్టాను. ‘శుభమా అని ఫంక్షన్ చేసుకుంటూ ఇదేటండీ’ అన్నారు సెక్రటరీగారు. బాబెట్ ఖాయమైంది, ఏడాది చందాతో.

ఇది శ్రీమద్విశాఖపట్టణ పరిసర కూర్మన్నపాలెం వాస్తవ్య, నెత్తళ్ళ పులుసు పారంగత, నోటీసుబోర్డు నిత్యపాఠక ప్రణీతంబైన ఆహారచిత్రోపాయన వ్యాఖ్యయందు ప్రథమ పరిచ్ఛేదము. ద్వితీయ పరిచ్ఛేదము మూడో అంతస్తు వారి ఐదొందలు వసూలైన పిమ్మట.