వినతిపత్రానికి ఎన్ని చేతులు

ఆ ఫొటోలో ఎడమ చివర కనబడే మోచెయ్యి నాది. మిగతా నేను ఫ్రేములో పట్టలేదు. ఓ పేపరు సిటీ పేజీలో, సంబంధాల ప్రకటనకీ బోర్‌వెల్ ప్రకటనకీ నడుమ ఇరుక్కుని అచ్చయింది. పేపరు పొట్లాలకు పోయి చాలా రోజులైనా మా కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ ఫొటో ఇంకా ఆడుతూనే ఉంది. పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం, దాని వెనకాలే ఈ ఫొటో, దాని కింద దండాలు, చప్పట్లు, "సంఘం కృషి అభినందనీయం". నా మోచేతిని ఇంతవరకూ ఎవరూ అభినందించలేదు. మోరీని కూడా ఇంతవరకూ ఎవరూ తియ్యలేదు.

సంగతంతా ఆ మోరీదే. అది ఎప్పుడు పొంగుతుందో, పొంగినప్పుడు గల్లీ ఎట్లా ఉంటుందో సికింద్రాబాద్‌లో ఉండేవాళ్ళకి చెప్పనక్కర్లేదు; లేనివాళ్ళకి చెప్పినా వాసన రాదు. మా బోయిగూడకి ఒక పక్క రైల్వే స్టేషను పదో నంబరు ప్లాట్‌ఫారం, ఇంకో పక్క గాంధీ ఆసుపత్రికి పోయే రద్దీ, మధ్యలో కట్టె డిపోలు, తుక్కు గోదాములు, వాటి సందుల్లో మేము. నీళ్ళు ఎటు పోవాలో నీళ్ళకే తెలియదు. మా సంఘం చూస్తూ ఊరుకోలేదు. వినతిపత్రం ఇచ్చింది.

వినతిపత్రం ఇవ్వడమంటే కష్టమేదో కాయితం మీద రాసి ఇచ్చి రావడమనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. కాయితం నిమిత్తమాత్రం. అసలు పని ఫొటో. దీని గురించి కాస్త వివరంగానే చెప్పుకోవాలి, ఎందుకంటే నగరపాలనలో ప్రజల భాగస్వామ్యం అనేదాన్ని నేను కళ్ళారా చూసింది అక్కడే.

ముందు లెక్క. కాయితం ఏ ఫోర్ సైజు. పొడవు 29.7 సెంటీమీటర్లు, వెడల్పు 21. చుట్టూ కొలిస్తే 101.4. పుచ్చుకునే అధికారి అవతలి నుంచి పట్టుకుంటాడు కనక ఒక వెడల్పు ఆయనకి వదిలెయ్యాలి. మిగిలింది 80.4. మా కార్యవర్గం ఎనిమిది మంది. తలా పది సెంటీమీటర్లు, పైన అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటర్లన్నీ అధ్యక్షుడు గారివి. పది సెంటీమీటర్లలో ఒక పెద్దమనిషి అరచెయ్యి సుఖంగానే పడుతుంది, ఉంగరాలు లేకపోతే. మా కోశాధికారికి ఉన్నాయి. అన్నీ కనబడాలి.

లెక్కకి సరిపోయింది గానీ, అంచులన్నీ ఒక్కలాంటివి కావు. కింది అంచు పట్టుకోవాలంటే వంగాలి. వంగితే మొహం రాదు. మధ్యలోంచి చెయ్యి చాపితే ఇంకొకరి మొహానికి అడ్డం, వాళ్ళు ఊరుకోరు. కాబట్టి అందరికీ కావలసింది కెమెరా వైపున్న పక్క అంచే. అది 29.7 సెంటీమీటర్లు. పోటీలో ఎనిమిది మంది. వినతిపత్రాలు ఎప్పుడూ కాస్త నలిగి ఎందుకుంటాయో నాకు ఆ రోజు అర్థమైంది. చివరికి అంచు దొరికినవాళ్ళు అంచు పట్టుకున్నారు. దొరకనివాళ్ళు, కన్యాదానంలో ధార పోసేటప్పుడు చెయ్యి అందని చుట్టాలు అందినవాళ్ళ భుజం పట్టుకున్నట్టు, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని పుణ్యంలో వాటా సంపాదించుకున్నారు.

ఇంతలో తెలిసిందేమిటంటే, ఫొటో తియ్యాల్సిన కార్యదర్శి గారి మేనల్లుడు బండి పెట్టడానికి జాగా దొరక్క ఇంకా కిందనే ఉన్నాడు. అధికారి కాయితం తీసేసుకున్నాడు. బల్ల మీద కూడా పెట్టేసుకున్నాడు. పని అయిపోయింది. ఎనిమిది మంది మొహాలు వాడిపోయాయి. అధ్యక్షుడు గారు తేరుకుని, "సార్, జర వాపస్ ఇయ్యున్రి, మళ్ళ ఇస్తం" అన్నారు. ఆయన మారుమాట లేకుండా తిరిగి ఇచ్చేశాడు. బాగా అలవాటున్న మనిషి. రెండోసారి ఇచ్చినప్పుడు ఉపాధ్యక్షుడు కళ్ళు మూశారు. ఆ తర్వాతి సారి ఎవరూ కళ్ళు మూయలేదు. అందరూ కెమెరా వైపు చూశారు, అధికారితో సహా. ఆ ఫొటోని మీరు ఎంత పెద్దది చేసి చూసినా కాయితం వైపు చూస్తున్నవాడు ఒక్కడూ కనబడడు.

ఇచ్చి, పుచ్చుకుని, వాపసిచ్చి, మళ్ళీ పుచ్చుకున్న ఆ సందడిలో రెండో పేజీ ఉపాధ్యక్షుడి చేతిలోనే ఉండిపోయింది. మొదటి పేజీలో గౌరవనీయులైన, విషయం, పై విషయమును పురస్కరించుకుని, తమ దివ్య సముఖమునకు వగైరాలున్నాయి. మోరీ ఏ గల్లీలో ఉందో రెండో పేజీలో ఉంది. అది తర్వాత ఆయన కూరగాయల సంచీలో దొరికింది. వెనక వైపు వాళ్ళావిడ చేతిరాతతో కరివేపాకు, పావుకిలో పచ్చిమిర్చి. ఫొటో కింద మాత్రం ఎనిమిది పేర్లు హోదాలతో సహా తప్పు లేకుండా పడ్డాయి. చివర తదితరులు పాల్గొన్నారు అని ఉంటుంది చూడండి, అది నేను.

నేను తదితరుల్లో ఎందుకున్నానంటే, కిరాయికి ఉంటాను కాబట్టి. సంఘంలో ఓటు ఇళ్ళ ఓనర్లకే. నెలనెలా మెయింటెనెన్సు, వినాయక చవితి చందా, జెండా పండగ నాడు కుర్చీలు మొయ్యడం, వీటిలో మాత్రం ఏ వివక్షా లేదు. "నువ్వు మనోడివే తమ్మీ, గనీ రూల్ రూలే" అంటారు అధ్యక్షుడు గారు, కుర్చీ నా చేతికిస్తూ. మా ఓనరు గారు డల్లాస్‌లో ఉంటారు. మోరీ పొంగిన సంగతి నాకు ముక్కు చెబుతుంది, ఆయనకి గ్రూపు చెబుతుంది. దాని మీద తీర్మానం వస్తే చెయ్యెత్తే హక్కు ఆయనది. ఎత్తుతారు కూడా, పసుపు బొటనవేలు.

సంఘం పెట్టడం పెద్ద కష్టం కాదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు కార్యవర్గ సభ్యులు. ఏడుగురూ అయిపోయారు. ఇక సభ్యుడనేవాడు మిగలడు. మాకు వీళ్ళ మీద ఒక గౌరవ సలహాదారు కూడా ఉన్నారు. ఈయన వయసులో అందరికన్నా పెద్ద, కోపంలో కూడా. సికింద్రాబాద్‌కి ఒకప్పుడు సొంత కార్పొరేషన్ ఉండేది. 1960లో దాన్ని తీసుకెళ్ళి హైదరాబాద్‌లో కలిపారు. సలహాదారు గారు ఆ సంగతిని ఇంకా ఒప్పుకోలేదు. నల్లా రాకపోయినా, కుక్కలు ఎక్కువైనా, లైటు వెలగకపోయినా, "అరవైల కలిపిన్నాడే మన పని ఖతమైంది" అంటారు. ఆ మాట అన్నాక చర్చ ముందుకు పోదు. చాయ్ వస్తుంది.

నిజానికి చట్టం ప్రకారం ఈ ఫొటోల అవసరమే ఉండకూడదు. రాజ్యాంగానికి 74వ సవరణ చేసి, 1993 జూన్ 1 నుంచి అమల్లో పెట్టారు. 3 లక్షలూ అంతకు మించీ జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులో రాశారు. మనది కోటి దాకా ఎదిగిన నగరం. కమిటీలో జనం కూర్చుని మా మోరీ సంగతేమిటని అడగొచ్చు, డబ్బు ఎటు పోయిందని లెక్క కూడా అడగొచ్చు. 2023 జూన్‌లో నగరంలో 150 వార్డు ఆఫీసులు తెరిచారు. మంచిదే. కాకపోతే ఆఫీసు వేరు, కమిటీ వేరు. ఆఫీసులో మనం నిలబడి చెప్పుకోవాలి, కమిటీలో కూర్చుని అడగొచ్చు. నిలబడి చెప్పుకునే చోటే ఫొటోగ్రాఫర్లతో పని పడుతుంది.

ఈ మాటలన్నీ మీటింగులో చెప్పాను. అధ్యక్షుడు గారు శ్రద్ధగా విని, "గవన్నీ ఎలక్షన్లప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. ఎలక్షన్ల సంగతీ చూశాం. 2020 డిసెంబర్‌లో బల్దియా ఎన్నికలు జరిగాయి, ఈవీఎంలు కాదు, కాయితం బ్యాలెట్లే. పోలైన ఓట్లు 46.55 శాతం. సగం ఊరు ఓటుకి రాలేదు. మా కార్యదర్శి గారు సెలవు దొరికింది కదా అని ఆ రోజు యాదగిరిగుట్ట పోయొచ్చారు. ప్రసాదం మాత్రం గల్లీ అంతా పంచారు. ఆ పులిహోర తింటూనే కార్పొరేటర్లెవరూ పనిచెయ్యరని అందరం ఏకగ్రీవంగా అనుకున్నాం.

సంఘాలతో ఏమీ కాదని అంటే కళ్ళు పోతాయి. కంటోన్మెంటులో మిలటరీ వాళ్ళు మూసేసిన రోడ్ల కోసం ఈశాన్య సికింద్రాబాద్ కాలనీల సమాఖ్య వాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు. అర్జీలు పెట్టారు, కోర్టు మెట్లెక్కారు. చివరికి 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమంది. అంటే పట్టుబడితే అవుతుంది. ఢిల్లీలో 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం భాగీదారీ అని ఒక పథకం పెట్టి, కాలనీ సంఘాలనీ అధికారులనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. పేరొచ్చింది. వెనకే విమర్శా వచ్చింది: ఆ బల్ల దగ్గర ఇళ్ళున్న వాళ్ళకి కుర్చీలు దొరికాయి గానీ, బస్తీల వాళ్ళకి దొరకలేదని.

ఈ కుర్చీల మాట దగ్గరే నాకు పోయిన మీటింగు గుర్తొచ్చి ఇంకా తిక్క పుడుతోంది. ఎజెండాలో మొదటిది గేటుకి ఏ రంగు వెయ్యాలి. దీని మీద గంట గడిచింది. నీలమా, ముదురు ఆకుపచ్చా అన్నది తేలలేదు. రెండోది మోరీ. "ఫొటో ఇచ్చినం గద" అని ముగించారు. కాయితం అనబోయి అన్నారేమో, ఎవరూ సరిదిద్దలేదు. మూడోది "బయటివారి సంచారం". గోదాముల్లో పనిచేసే కుర్రాళ్ళు రాత్రిపూట మన గల్లీ చివర కూర్చుని ఫోన్లు మాట్లాడుతున్నారట, కెమెరా పెట్టాలట. వాళ్ళూ ఇక్కడే ఉంటారు కదా అంకుల్ అన్నాను. అధ్యక్షుడు గారు చెడ్డమనిషి కాదు. మా ఇంట్లో జ్వరాలొచ్చినప్పుడు ఆయనే ఆటో పిలిచి గాంధీకి తీసుకెళ్ళారు. ఆయన చాలా మామూలుగా అన్నారు: "ఉంటరు తమ్మీ. గనీ ఉన్నట్టు గాదు."

2022 మార్చి 23న తెల్లవారుజామున ఇదే బోయిగూడలో ఒక తుక్కు గోదాముకి నిప్పంటుకుంది. పై అంతస్తులో 12 మంది పడుకుని ఉన్నారు, బీహార్ నుంచి వచ్చిన కూలీలు. కిందికి రావాలంటే గోదాములోంచే రావాలి, మంట అక్కడే ఉంది. ఒకతను దూకి బతికాడు. 11 మంది చనిపోయారు. ప్రధాని, ముఖ్యమంత్రి సంతాపం తెలిపారు, పరిహారం ప్రకటించారు, టీవీల వాళ్ళంతా వచ్చారు. ఆ వారం మా పేట పేరు దేశమంతా విన్నది. పై గదికి ఇంకో మెట్ల దారి కావాలని అంతకు ముందు అడగాలంటే వాళ్ళు ఎవర్ని అడగాలి? లెటర్‌హెడ్ లేదు, రబ్బరు స్టాంపు లేదు, ఓటరు కార్డు ఉంటే గింటే వెయ్యి మైళ్ళ అవతల సొంత ఊళ్ళో ఉంటుంది. మోరీ కంపు గురించి కాయితం ఇవ్వడానికి మాకు ఎనిమిది మంది ఉన్నారు. ప్రాణం గురించి ఇవ్వడానికి వాళ్ళకి ఒక్కడు లేడు. కిరాయిదారుణ్ణి, నాకే ఓటు లేదని ఇన్నాళ్ళూ సణుగుతున్నాను. నా కింద కూడా ఒక వరస ఉందని, ఆ వరసకి కుర్చీలు మోసే పని కూడా దొరకలేదని తోచలేదు.

అందుకని కార్యదర్శి గారికి ఒక కాయితం రాసిచ్చాను. ఒకే పేజీ, జాగ్రత్త కోసం. సంఘం దగ్గర ఒక పుస్తకం పెట్టమని, మన చుట్టుపక్కల గోదాముల పైన ఎంతమంది పడుకుంటున్నారో, దిగడానికి ఎన్ని దార్లున్నాయో అందులో రాయమని, ఒక్కటే దారి ఉన్నచోటల్లా సంఘం తరఫున అగ్నిమాపక శాఖకి తెలియజెయ్యమని. ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. బాగుందన్నారు. కాకపోతే ఎజెండాలో పెట్టాలంటే ఓనరు సంతకం ఉండాలన్నారు, రూల్ రూలే. డల్లాస్‌కి మొత్తం కాయితం ఫొటో తీసి పంపాను. అక్కడ అర్ధరాత్రి, పొద్దున చూస్తారులే అనుకున్నాను. పాపం, వెంటనే జవాబిచ్చారు.

గేటుకి చివరికి ఏ రంగు ఖాయం చేశారని అడిగారు.