బండిగుడ్డ పద్యం: టీకా తాత్పర్యం

పూణెలోన పుట్టి పొరుగూరు మెట్టెను
గచ్చిబౌలి పేర కప్పు గొట్టె
ఢిల్లికేగె తుదకు టీమెల్ల మూటగా
పసుపు జెర్సి యింక బండిగుడ్డ

అవతారిక: కొండాపూర్ పీజీలో ఉంటూ నైట్ షిఫ్టు చేసే ఒకానొక కవి, హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు వదిలిందని విని క్యాబ్‌లో ఆశువుగా చెప్పిన ఆటవెలది.

పూణెలోన పుట్టి = 2014లో ఎనిమిది జట్లతో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఎఫ్‌సీ పూణె సిటీగా జన్మించి; పొరుగూరు మెట్టెను = 2019 ఆగస్టులో హైదరాబాదు చేరెను. మెట్టినది జట్టని పామరుల భ్రమ. పూణె క్లబ్బు మూతపడింది. లీగులో దాని కుర్చీ ఒక్కటే ఇల్లు మారింది. కుర్చీ దొరికాక ఆటగాళ్లను వెతుక్కోవచ్చు, కుర్చీ లేనివాడికి ఎంత ఆటా చాలదు. శ్రీనిధి డెక్కన్ సంగతి చూడండి. అదీ ఈ ఊరిదే. 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానం. పై లీగుకు ఎక్కేది మొదటి స్థానమొక్కటే కనుక ఒక ఏడు పంజాబ్, మరుసటేడు మొహమ్మదన్ ఎక్కాయి. ‘బాగా ఆడితే ఊళ్లోనే పెద్ద జట్టు ఉంటుంది కదా’ అనే పూర్వపక్షం దీంతో వీగిపోయింది.

గచ్చిబౌలి పేర = ‘గచ్చిబౌలిలో’ అనకపోవడం కవి జాగ్రత్త. కోవిడ్ వల్ల 2021-22 సీజనంతా గోవాలోనే జరిగింది. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి కప్పు పట్టారు. ఆ ఏడు గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఒక్క లీగ్ మ్యాచ్ లేదు. ఇంటి మైదానంలో ఆడకుండానే ఇంటి పేరు నిలబెట్టిన జట్టు మరి!

ఢిల్లికేగె = జీతాల బకాయిలు, ఆటగాళ్ల నిష్క్రమణ, 2023-24లో అట్టడుగు స్థానం, కొత్త యజమాని, ఇవన్నీ అయ్యాక 2025 అక్టోబరులో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను నామాంతరము పొందెను; మూటగా = కుర్చీతో సహా. ఇలా మూటకట్టలేని జట్టూ ఒకప్పుడు ఈ ఊళ్లో ఉండేది. కోచ్ రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. పోలీసు శాఖను మూటగట్టి పట్టుకుపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు.

అమెరికాలో ఎమ్మెస్ చేసి నానక్‌రామ్‌గూడలో స్థిరపడిన ఒక వ్యాఖ్యాత ఇక్కడ ఇంకో ఉదాహరణ చేరుస్తాడు. అక్కడ కాలేజీలు కదలవు, టీవీ డబ్బు ఎటుంటే అటు వాటి క్రీడా కూటములు మారతాయి. 2024లో పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ వెళ్లి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరింది. భూగోళశాస్త్రానికి అపచారమే, కానీ కాలేజీ ఊళ్లోనే ఉంది, జెర్సీ రంగు మారలేదు. మన కవికి ఆ పాటి ఊరటా దక్కలేదు.

బండిగుడ్డ = స్కూటీ తుడుచుకొను వస్త్రము. జెర్సీ పాలిస్టరు, నీరు పీల్చదు గనుక ఈ ప్రయోగం దుష్టమని కొందరి ఆక్షేపణ. కవి చలికాలంలో చెప్పాడు, అప్పుడు తుడవాల్సింది ఐటీ కారిడార్ దుమ్మే కాబట్టి దోషం లేదు.

తాత్పర్యం సుగమం.